మెత్తటి పరుపు మీద ఉక్క నిద్ర

ప్రశ్న: నా వయసు 49. మాది రాజమండ్రి. కిందటేడు హైదరాబాద్‌లో ఉండే మా అమ్మాయి మెమరీ ఫోమ్ పరుపు కొని పంపింది. అప్పటిదాకా వాడిన బూరుగుదూది పరుపు చుట్టేసి అటక మీద పెట్టాం. కొత్తది మెత్తగా ఉంది గానీ రాత్రి రెండింటికో మూడింటికో వీపంతా చెమటతో మెలకువ వచ్చేస్తోంది. ఏసీ పెంచితే మావారికి చలి, తగ్గిస్తే నాకు ఉక్క. పట్టులా జారే శాటిన్ దుప్పటి వేసి చూశాను, ఇంకా చిరాగ్గా ఉంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెయ్యి త్రెడ్ కౌంట్ కాటన్ దుప్పటి చూశాను. ధర చూస్తే గుండె ఝల్లుమంది. అయినా కొనమంటారా? మా అక్కయ్య చేనేత దుప్పటి కొనుక్కోమంటుంది, అది గరుగ్గా ఉంటుందేమోనని నా భయం.

జవాబు:

వెయ్యి త్రెడ్ కౌంట్ దుప్పటి కొనకండి. ఆ డబ్బు అలా ఉంచండి. మీ ఉత్తరం చదివితే తేడా దుప్పటిలో కంటే దాని కింద ఉన్నవాటిలో ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తోంది.

ఇవాళ పగటిపూట ఒక పని చేయండి. దుప్పటి తీసేసి, పరుపుకి తొడిగిన కవరు మీద అరచేయి వేసి గట్టిగా రుద్దండి. కరకరమని ప్లాస్టిక్ చప్పుడు వచ్చిందంటే సగం దొంగ దొరికినట్టే. పరుపు కొన్నప్పుడు వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ అని ఒకటి అంటగడుతుంటారు. పైకి టవల్ గుడ్డలాగే ఉంటుంది, తిరగేస్తే లోపలివైపు సన్నటి పొర నున్నగా మెరుస్తుంది. చంటిపిల్లలు పక్క తడిపే ఇంట్లో అది కావాలి. మీరిద్దరూ పడుకునే పరుపుకి దాని అవసరం ఏమిటి? కొందరైతే పరుపుతో వచ్చిన ప్యాకింగ్ కవరు కూడా తీయరు, మాసిపోతుందని. మీ ఇంట్లో ఆ రెండిట్లో ఏది ఉన్నా ముందు తీసేయండి. నాలుగైదు రాత్రులు అలా పడుకుని చూశాకే మిగతా సంగతి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనం నిద్రలోకి జారుకోవాలంటే ఒంటి లోపలి వేడి అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా దిగాలి. ఆ వేడిని ఒళ్లు చర్మం గుండా, అందులోనూ అరచేతులు, అరికాళ్ల గుండా బయటికి పంపుతుంది. పసిపిల్లలకి నిద్ర ముంచుకొచ్చేముందు కాళ్లూ చేతులూ వెచ్చబడేది అందుకే. పడుకోవడానికి గంట, గంటన్నర ముందు గోరువెచ్చటి నీళ్లు పోసుకుంటే నిద్ర తొందరగా పట్టడానికి కారణం కూడా అదే. చర్మం కింద రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి తేలిగ్గా బయటపడుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు పైవైపు ఫ్యాను గాలి తగులుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. వీపు వైపు గాలి ఎక్కడిది? పైగా మీది గోదావరి ఒడ్డు. మే నెలలో రాత్రిళ్లు కూడా 28, 29 డిగ్రీల దగ్గరే ఆగిపోయే రోజులుంటాయి, గాలిలో తేమ సరేసరి. అలాంటి గాలిలో చెమట ఆరడమే కష్టం. వీపు కింద పట్టిన చెమటని గుడ్డ పీల్చుకోవాలి, పీల్చుకున్నది అక్కణ్నుంచి ఇంకెటైనా పోవాలి. కింద ప్లాస్టిక్ పొర ఉంటే అది ఎటూ పోదు, రెండింటికల్లా మిమ్మల్ని లేపుతుంది.

ఇక ఆ ఫోమ్ సంగతి. దీన్ని 1966లో అమెరికాలో నాసా కోసం, విమానం సీట్లలో కూర్చునేవాళ్లకి కుదుపుల నుంచి రక్షణగా తయారుచేశారు. ఒంటి వేడికి మెత్తబడి, ఒంటి ఆకారానికి లొంగడమే దాని గొప్ప. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు భుజమూ తుంటీ నొక్కుకుని నొప్పి పుట్టేవాళ్లకి అది నిజంగానే హాయి. కానీ లొంగినకొద్దీ మనం అందులో దిగబడతాం, అది పక్కల నుంచి కూడా హత్తుకుంటుంది, గాలి తగిలే చర్మం తగ్గిపోతుంది. 'కూలింగ్ జెల్' అని రాసి అమ్మేవి పడుకోగానే చల్లగా తగిలే మాట నిజమే. కాసేపటికి ఆ జెల్ కూడా ఒంటితోపాటు వేడెక్కుతుంది.

మీ అమ్మాయి తప్పేమీ చేయలేదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది, అక్కడి వేసవి గాలి పొడిగా ఉంటుంది, ఎండాకాలమైనా మీ ఊరికంటే చెమట త్వరగా ఆరుతుంది. అదే పరుపు మీద తను సుఖంగా పడుకుని ఉంటుంది, అమ్మకీ బాగుంటుందనుకుంది. ఊరు మారితే పరుపు లెక్క మారుతుంది, అంతే.

పరుపు పారేయాల్సిన పని కూడా లేదు. ఫోముకీ మీకూ మధ్య రెండంగుళాల పల్చటి దూది పరుపు ఒకటి వేయించుకోండి. అది చెమటని పీల్చుకుంటుంది, మీరు ఫోములోకి మరీ దిగబడకుండా ఆపుతుంది. దానికంటే ముందు ఖర్చులేని మార్గం ఒకటుంది. మీ ఇంట్లోనో మీ అక్కయ్య ఇంట్లోనో పాత నూలు చీరలు నాలుగైదు వరసలు పేర్చి కుట్టిన బొంత ఉందేమో వెతకండి. వందలసార్లు ఉతికిన నూలుకి ఉండే మెత్తదనం ఏ షోరూములోనూ దొరకదు. దాన్ని ఫోము మీద పరిచి, పైన దుప్పటి వేసుకోండి. మేనత్తలు, అమ్మమ్మలు కూర్చుని కుట్టిన బొంతల్ని పాతగుడ్డల కింద జమకట్టి పడేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. అదే సరుకుకి ఇప్పుడు బొటిక్‌లలో వేలకి వేలు పోస్తున్నారు.

అటక మీద పెట్టిన బూరుగుదూది పరుపుని ఒకసారి దించి చూడండి. బూరుగు కాయ పగిలితే బయటికొచ్చే ఆ దూది మామూలు పత్తి లాంటిది కాదు. ఒక్కో పోగూ లోపల బోలుగా ఉంటుంది, పైన మైనం లాంటి పూత ఉంటుంది. అందుకే నీళ్లు పట్టదు. ఒకప్పుడు పడవల్లో వాడే లైఫ్ జాకెట్లలో దీన్నే కూరేవారు. పరుపులో ఆ బోలుతనం వల్ల లోపల గాలి నిలుస్తుంది, తేలిగ్గా పొడిగా ఉంటుంది. చెమట పీల్చుకునే పని మాత్రం దాని మీది నూలు గుడ్డదే. ఏళ్ల తరబడి వాడితే దూది నలిగి ఉండలు కడుతుంది, మధ్యలో పల్లం పడుతుంది, ధూళి చేరుతుంది. రెండు మూడు ఎండలు పెట్టి, కర్రతో దులిపితే పొంగుతుందేమో చూడండి. పొంగకపోతే విప్పించి, దూది ఏకించి, కొత్త గుడ్డలో కుట్టించండి. అలా చేసేవాళ్లు మిషన్ బండి మీద పెట్టుకుని మైకులో అరుచుకుంటూ వీధిలోకే వస్తుంటారు. ఒకటే జాగ్రత్త: మీ కళ్ల ముందే ఏకించండి. సందు దొరికితే పాలిస్టర్ ఫైబరో, మిల్లు తుక్కో కలిపేవాళ్లూ ఉన్నారు. ధూళి పడక ఉబ్బసం, తుమ్ములు ఉన్నవాళ్లయితే పాత దూది జోలికి పోకపోవడమే మంచిది.

మంచం కూడా చూడండి. కింద సామాన్లు కుక్కే పెట్టె మంచమా? ప్లైవుడ్ పలక మీద ఫోము నేరుగా ఉంటే కింద నుంచి గాలి ఆడదు. వానాకాలంలో పరుపు ఎత్తి చూస్తే పలక మీద నల్లటి బూజు చుక్కలు కనిపించే ఇళ్లున్నాయి. వారానికోసారి పరుపుని గోడకి ఆనించి ఓ పూట నిలబెట్టండి. నవారు మంచం మీద పల్చటి పరుపు వేసుకుని పడుకున్నవాళ్లకి ఈ బాధ తెలియదు. నవారు సందుల్లోంచి కిందిగాలి వచ్చేది.

దుప్పటి దగ్గరికి వద్దాం. మీరు వేసుకున్న శాటిన్ దుప్పటి పాలిస్టర్ అయి ఉంటుంది. పట్టులా జారుతూ, తక్కువ ధరకి దొరికేవి చాలావరకు అవే. మైక్రోఫైబర్ అన్నా దాదాపు అదే, మరీ సన్నగా తీసిన పాలిస్టర్ దారం. 100 గ్రాముల పొడి నూలు మామూలు గాలిలో 8 గ్రాముల దాకా తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. షాపులో చేత్తో నిమిరినప్పుడు ఈ తేడా తెలియదు, ఎందుకంటే షాపులో ఏసీ ఉంటుంది, మీ చేయి పొడిగా ఉంటుంది. దుప్పటి మెత్తదనాన్ని చేత్తో చూస్తాం గానీ దాని మీద పడుకునేది చెమట పట్టిన వీపు.

త్రెడ్ కౌంట్ అంటే ఒక చదరపు అంగుళం గుడ్డలో ఉన్న పడుగు పోగులూ పేక పోగులూ కలిపిన లెక్క. అంగుళంలో పట్టే పోగులకి ఒక హద్దుంటుంది కదా. వెయ్యి ఎలా వచ్చాయి మరి? రెండు మూడు సన్న దారాల్ని పేనిన ఒక్కో పోగుని ఒకటిగా కాక, రెండుగా మూడుగా లెక్కేస్తే వస్తాయి. ఆ లెక్క నిజమే అనుకున్నా మనకి లాభం లేదు. గుడ్డ అంత చిక్కగా ఉంటే బరువెక్కుతుంది, గాలి దూరదు. మీ ఊరి ఎండలకి 180 నుంచి 300 మధ్య ఉన్న స్వచ్ఛమైన నూలు దుప్పటి చాలు. దానిలోనూ పెర్కేల్ అడగండి. ఒక పోగు పైన, ఒక పోగు కింద వెళ్లే సాదా నేత అది, గలగలలాడుతూ ఒంటికి అంటుకోకుండా ఉంటుంది. సటీన్ అనేది నాలుగు పోగుల మీదుగా వెళ్లి ఒకదాని కింద దూరే నేత. నూలుదే అయినా నునుపుగా మెరుస్తుంది, ఒంటికి హత్తుకుంటుంది. రాత్రంతా ఏసీలో పడుకునేవాళ్లకి అది నప్పుతుంది.

కొనేటప్పుడు గుడ్డని ఒక పొర మీద పట్టుకుని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతల పెట్టిన అరచేతికి మీ ఊపిరి తగలాలి. షాపతను వింతగా చూస్తాడు, చూడనివ్వండి. లేబుల్ మీద 'కాటన్ ఫీల్', 'గ్లేస్ కాటన్', 'కాటన్ బ్లెండ్' లాంటి మాటలు కనిపిస్తే నూలు ఎంత శాతమని సూటిగా అడగండి. సమాధానం నసిగితే కింద పెట్టేయండి. ఇంటికి తెచ్చాక ఇంకా అనుమానముంటే అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో వెలిగించండి. నూలయితే కాగితం కాలిన వాసన వస్తుంది, వేళ్ల మధ్య నలిగే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కలిస్తే ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లటి గట్టి పూస కడుతుంది. ఆ పూసని వెంటనే ముట్టుకోకండి, చురుక్కుమంటుంది.

వెదురు దుప్పట్లని కూడా ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. అవి ఎక్కువ భాగం వెదురు గుజ్జుని రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోస్. మెత్తగా ఉంటాయి, తేమా పీలుస్తాయి, వాటితో నాకు పేచీ లేదు. వెదురు పేరు చెప్పి అదనంగా గుంజే డబ్బుతోనే పేచీ.

మీ అక్కయ్య మాట వినండి. చేనేత దుప్పటి కొత్తలో గరుగ్గా ఉండే మాట నిజం. మగ్గం మీద పోగు తెగకుండా పడుగుకి గంజి పెడతారు, అది గుడ్డలో ఉండిపోతుంది. కొనగానే ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి, విడిగా ఉతికి, ఎండలో ఆరేయండి. నాలుగైదు ఉతుకులకి గంజి పోయి దారం విచ్చుకుంటుంది, అక్కణ్నుంచి ఏడాదికేడాది మెత్తబడుతూనే ఉంటుంది. షోరూములో వెన్నలా తగిలే మిల్లు దుప్పట్ల సంగతి చాలాసార్లు దీనికి తలకిందులు. వాటికి సిలికాన్ పూత పూసి ఉంటారు, ఉతికేకొద్దీ అది పోయి అసలు గుడ్డ బయటపడుతుంది. మీ ఊళ్లో ఆప్కో షాపుకి వెళ్లి అడగండి. 2006 నుంచి ఉన్న 'హ్యాండ్‌లూమ్ మార్క్' చీటీ కుట్టి ఉందేమో చూసుకోండి. పెడన కలంకారీ దుప్పట్లు కళ్లకి పండగే, కానీ అద్దకం చేతిదైనా గుడ్డ మిల్లుది కావచ్చు, ఆ తేడా తెలిసి కొనండి. రంగు మొదట కాస్త దిగుతుంది కాబట్టి తెల్లబట్టలతో కలిపి నానేయకండి. పోచంపల్లి ఇక్కత్ దుప్పట్లలో కొన్ని మందంగా ఉంటాయి. వాటిని చలికాలానికి ఉంచి, వేసవికి పల్చటివి చూడండి.

తెచ్చుకున్న మంచి దుప్పటిని ఉతుకుడులో పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. దయచేసి పక్క దుప్పట్లకి గంజి పెట్టకండి. ఇస్త్రీ మడత బాగుంటుంది గానీ నూలు సందులన్నీ మూసుకుపోతాయి. ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా అంతే. ఘుమఘుమలాడుతుంది, దారం మీద జిడ్డు పొర వేసి నీళ్లు పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. డిటర్జెంట్ కొలత ప్రకారమే వేసి, ఇంకోసారి జాడించండి. ధూళి పురుగుల బాధ ఉంటే 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే చస్తాయి. పొద్దున లేవగానే పక్క చక్కగా సర్దేయడం మనకో అలవాటు. ఒక అరగంట ఆగండి, దుప్పటి వెనక్కి తీసి ఫ్యాను వేసి ఉంచితే రాత్రి తేమంతా పోతుంది.

దిండు సంగతి కూడా ఇదే. పరుపుతోపాటు ఫోము దిండ్లు వచ్చి ఉంటే పక్కన పెట్టి, బూరుగుదూది దిండుకి నూలు గలీబు తొడిగి చూడండి. మెడ వెనక చెమట చాలామటుకు తగ్గుతుంది. నైటీ ఏ గుడ్డదో మీరు రాయలేదు. దుప్పటి ఎంత మంచిదైనా మధ్యలో పాలిస్టర్ నైటీ ఉంటే ఉపయోగం లేదు.

మీవారితో ఏసీ తగువుకి పరిష్కారం ఏసీలో దొరకదు. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టారు. మీరూ అక్కడే ఉంచి, ఫ్యాను నెమ్మదిగా తిరగనివ్వండి. ముఖ్యంగా ఇద్దరికీ ఒకే దుప్పటి కప్పుకోవడం మానేయండి. ఆయనకి ఒక మందపాటి చద్దరు, మీకు ఒక పల్చటి నూలు దుప్పటి. పెళ్లయిన పాతికేళ్లకి విడి దుప్పట్లేమిటని ఆయన నవ్వుతారేమో, వారం తర్వాత ఆయన కూడా వదలరు.

ఇదంతా పరుపూ దుప్పటీ లెక్క. మీ వయసు 49 అన్నారు కాబట్టి ఇంకో మాట అడగాలి. చెమట వీపుకే పడుతోందా, లేక ముఖం, మెడ, ఛాతీ మీద ఉన్నట్టుండి సెగ కమ్మినట్టయి, ఒళ్లంతా తడిసి, తర్వాత చలి వేస్తోందా? పగలు కూడా అలా అవుతోందా? నెలసరి అటూ ఇటూ అవుతోందా? అయితే అవి మెనోపాజ్ వేళ వచ్చే వేడి ఆవిర్లు అయి ఉండొచ్చు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, వాటికి మందులున్నాయి, ఓర్చుకోవాల్సిన పని లేదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా చెమటలు పడతాయి, చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. రాత్రి చెమటలతోపాటు సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలకి మించి దగ్గు ఉంటే మాత్రం పరుపుల ప్రయోగాలు ఆపి వెంటనే డాక్టరుకి చూపించుకోండి. టీబీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

చివరిగా, షాపుకి వెళ్లేముందు టేపు తీసి పరుపు మందం కూడా కొలవండి. పాత దూది పరుపు నాలుగంగుళాలు ఉండేది, ఈ ఫోము పరుపులు ఎనిమిది ఉంటాయి. మీది 72 బై 78 అంగుళాల పరుపు అనుకుంటే, రెండు పక్కలా మందం కలిపితేనే వెడల్పు 88 అవుతుంది. మీరు ఇంతకాలం కొన్న 90 బై 100 దుప్పటి దాని కింద దోపడానికి పక్కకి ఒక్క అంగుళమే మిగులుతుంది, తెల్లారేసరికి ఉండ చుట్టుకుని కాళ్ల దగ్గర ఉంటుంది. 108 బై 108 అడగండి. నూలు కాబట్టి మొదటి ఉతుకుల్లో నాలుగైదు అంగుళాలు కుంచించుకుపోయినా దోపడానికి సరిపోతుంది. దూది పరుపు వేయించుకునే ఆలోచన ఉంటే దాని రెండంగుళాలూ మందంలో కలుపుకుని లెక్క చూసుకోండి.